ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు

"వంట మాత్రం నువ్వే చేయొచ్చులే" అంది మా అత్తయ్య. "నిప్పు మీద ఉడికితే ఏదీ బతకదు."

నేను కూరగాయలు తరుగుతున్నాను. రేడియేషన్ మొదటి సిట్టింగు అయి నాలుగు గంటలైంది. ఆవిడ వంటింటి గడప అవతల నిలబడి ఉంది. రోజూ నా భుజం మీదుగా గిన్నెలోకి తొంగిచూసే మనిషి ఆరోజు గడప దాటలేదు.

"వడ్డన నేను చూసుకుంటా. గిన్నెలు దించేసి నువ్వు గదిలోకి వెళ్ళిపో. అంట్లు తోమొచ్చు, సబ్బు ఉంటుందిగా. బట్టలు ఉతకొచ్చు, ఎండలో ఆరతాయిగా. ఇల్లు తుడవొచ్చు, ఫినాయిల్ వేస్తావుగా. పిల్లను మాత్రం ముట్టుకోకు తల్లీ. వాడు మరీ మరీ చెప్పాడు."

వాడంటే ఆవిడ కొడుకు, నా భర్త. హైస్కూల్లో సైన్సు మాస్టారు. వీధిలో ఎవరి ఇంట్లో ఫ్రిజ్ పాడైనా, ఎవరి పిల్లకు దద్దుర్లు వచ్చినా ముందు ఆయన్నే అడుగుతారు. ఆయన చెప్పాడంటే చెప్పాడే. నేనూ నమ్మాను. నేను చదివింది పదో తరగతి. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కాలర్లు పరీక్ష చేసే పని నాది. కుట్టు తప్పితే కనిపెట్టగలను. కిరణాల సంగతి నాకేం తెలుసు?

రొమ్ములో గడ్డ బయటపడింది కూడా ఆ ఫ్యాక్టరీలోనే. డాక్టర్లు వచ్చి ఆడవాళ్ళందరినీ వరసగా పరీక్ష చేశారు. నూట నలభై మందిలో నన్ను ఒక్కదాన్నే పక్కకు రమ్మన్నారు. బఠాణీ గింజంత గడ్డ, ఎడమ వైపు. సూది గుచ్చి తీసిన ముక్క పెద్దాసుపత్రికి వెళ్ళింది. కాన్సరని తేలింది. తొలి దశ అన్నారు. భయపడొద్దన్నారు. ఆ రెండు మాటలూ ఒకదాని వెంట ఒకటి చెప్పారు కాబట్టి రెండోది నాకు వినిపించలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. "మామూలుగా ముందు ఆపరేషన్, తర్వాత రేడియేషన్. మీకు తిరగేద్దామని చూస్తున్నాం. ముందు మూడు వారాలు రేడియేషన్, పదిహేను సిట్టింగులు. ఆ తర్వాత ఆరు వారాలు ఆగి చిన్న ఆపరేషన్. గడ్డ వరకే తీస్తాం, రొమ్ము ఉంటుంది. ఇది కొత్త పద్ధతి. అందరికీ నప్పదు. ఎంత మేలో ఇంకా చూస్తున్నారు. మొత్తం తీసేసే దారి కూడా ఉంది. మీ ఇష్టం."

నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు. "మొత్తం తీసేస్తే పోలా డాక్టరుగారూ? రోజూ తిరగడం ఎందుకు?"

డాక్టరమ్మ ఆయన వైపు చూడలేదు. "ఆమెను అడుగుతున్నాను" అంది.

నాకు ఉంచుకోవాలని ఉంది అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పదకొండేళ్ళ కాపురంలో ఆయన ఎదురుగా నాకు ఇది కావాలి అని మూడో మనిషితో చెప్పడం అదే మొదలు. ఇంటికి వస్తూ బస్సులో ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "ముప్పై తొమ్మిదేళ్ళొచ్చాయి. ఇంకా ఎవరికి చూపించాలని?"

మా ఇంట్లో ఎవరూ రొమ్ము అనలేదు. అత్తయ్య 'అక్కడ' అనేది. రేడియేషన్ అని కూడా అనలేదు. 'కరెంటు పెట్టించుకుని వస్తోంది' అనేది, పక్కింటావిడతో, పార్లర్‌కి వెళ్ళొచ్చినదాన్ని గురించి చెప్పినట్టు. నిజానికి వాళ్ళ దృష్టిలో అది జబ్బు కూడా కాదు. ఆపరేషన్ అయితే జబ్బు. మంచం మీద పడుకుంటే జబ్బు. నడిచి వెళ్ళి నడిచి వచ్చే మనిషికి జబ్బేమిటి? "కోత పెట్టినప్పుడు చూద్దాంలే, అప్పుడెలాగూ తప్పదు" అంది అత్తయ్య, నేను ఒకరోజు కాస్త నడుం వాలుస్తానంటే.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఇంకో రకం. మధ్యాహ్నం భోజనం వేళకు ముందు గంట, తర్వాత గంట పర్మిషన్ అడిగితే తల గోక్కున్నాడు. "రోజూ ఎందుకమ్మా? అంతా కలిపి ఒకేసారి పెట్టేయమనరాదూ? మా ఆవిడ కూర కూడా వారానికి సరిపడా ఒకేసారి వండేస్తుంది." కుట్టు మిషన్ల వరసలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పర్మిషన్ కావాలిగా.

మొదటి సిట్టింగు రోజు సాయంత్రమే ఆయన తన దిండు తీసుకుని హాల్లోకి మారిపోయాడు. "కిరణాలు కొన్నాళ్ళు ఒంట్లో ఉంటాయి. దూరంగా ఉంటే మంచిది. చిట్టికి మరీ మంచిది కాదు, ఎదిగే ఒళ్ళు" అన్నాడు. చిట్టి మా పాప. ఆరేళ్ళది. దానికి అర్థమయ్యేట్టు చెప్పాలని సుద్దముక్క తెచ్చి నా గది గుమ్మం ముందు అడ్డంగా గీత గీశాడు. బోర్డు మీద గీసినట్టే, స్కేలు పెట్టి. "ఇది దాటకూడదు. అమ్మ ఒంట్లో కరెంటు ఉంది. దాటితే నీకు తగులుతుంది."

"అమ్మకు తగలదా?" అంది చిట్టి.

"అమ్మకు మందు కోసం పెట్టారు."

నేను గదిలో మంచం మీద కూర్చుని విన్నాను. ఆయన చెప్పే తీరు బాగుంది. నెమ్మదిగా, ఓపికగా చెప్పాడు. పిల్లకు ఎంత బాగా చెబుతున్నాడో అనుకున్నాను కూడా.

పొద్దున్నే ఇల్లు తుడవాలి కదా. ఆ గీత దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయేది. చెరిపితే మళ్ళీ గీస్తాడు, చెరిపావేం అంటాడు. చిట్టి చూసుకోకుండా లోపలికి వస్తుంది. అందుకని తడిగుడ్డ అటు వరకూ, ఇటు వరకూ తుడిచి, గీత చెరక్కుండా తుడవడం నేర్చుకున్నాను. రెండు వారాలు అలా తుడిచాను. శని, ఆదివారాలు ఆసుపత్రి మిషన్‌కు సెలవు. గీతకు లేదు. నాకు లేదు.

చిట్టి మొదట్లో గీత అవతల కూర్చుని హోంవర్క్ చేసుకునేది. పెన్సిల్ ఇటు దొర్లితే నేను కాలితో అటు తన్నేదాన్ని. అదొక ఆటలా ఉండేది దానికి. కావాలని దొర్లించేది. ఎనిమిదో సిట్టింగు రోజున బయట ఆడుకుంటూ పడింది. మోకాలు చెక్కుకుపోయింది. ఏడుస్తూ ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది. ఏ పిల్లయినా ఎక్కడికి పరుగెత్తుతుందో అక్కడికే. గీత దాటేసింది. నేను వెనక్కి దూకాను. వీపు బీరువాకు కొట్టుకుంది. "రాకు! రావద్దు!" అని అరిచాను. అలా ఎప్పుడూ అరవలేదు దాని మీద. ఏడుపు టక్కున ఆగింది. చేతులు చాచి ఉన్నది చాచినట్టే నిలబడింది. మోకాలి మీంచి రక్తం పాదం దాకా కారుతోంది. నేను దూది పొట్లం దాని వైపు విసిరాను. నానమ్మ దగ్గరికి వెళ్ళమన్నాను.

అది దూది తీసుకోలేదు. వెనక్కి అడుగులు వేసుకుంటూ వెళ్ళిపోయింది. ఆరోజు నుంచి గీత దగ్గరికి రావడం మానేసింది. హోంవర్క్ నానమ్మ మంచం మీదికి మారింది. పిలిస్తే "ఊఁ" అని అక్కడినుంచే అనేది. ఫ్యాక్టరీకి వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపితే చూసీ చూడనట్టు ఊరుకునేది. పిల్ల మనసు విరగడం ఎంతసేపు? ఇంకో ఏడు సిట్టింగులు. ఆ తర్వాత ఆపరేషన్. ఆ తర్వాత కోత మానేదాకా. ఈలోపల ఇది నన్ను పూర్తిగా మరచిపోతుందేమోనని భయమేసింది. గడ్డ గురించి అంత భయపడలేదు నేను.

పదకొండో సిట్టింగు మూడో సోమవారం వచ్చింది.

ఆ గది ఎప్పుడూ చల్లగా ఉంటుంది. గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకుని, ఎడమ చెయ్యి తల మీదుగా పైకి పెట్టి, కదలకుండా ఉండాలి. టెక్నీషియన్ అమ్మాయి నా ఒంటి మీద ముందే పెట్టిన గుర్తు గీతలకు సరిగ్గా వెలుతురు పడేట్టు నన్ను వేలితో కాస్త ఇటూ అటూ జరుపుతుంది. తర్వాత అందరూ బయటికి వెళ్ళిపోతారు. గోడంత మందం ఉన్న తలుపు మూసుకుంటుంది. ఎర్రదీపం వెలుగుతుంది. మైకులోంచి గొంతు వస్తుంది. "గాలి పీల్చండి. బిగబట్టండి." గుండె పక్కకు తప్పుకోవడానికట. నేను బిగబడతాను. మిషన్ నా చుట్టూ తిరుగుతుంది. నొప్పి ఉండదు. ఏమీ తెలియదు. ఇంత మందం తలుపు వేసుకుని అందరూ పారిపోతున్నారంటే ఇది ఎంతటిదో, మా ఆయన చెప్పింది నిజమే కదా అనుకునేదాన్ని రోజూ.

ఆరోజు తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి వచ్చి నన్ను లేపడానికి వీపు కింద చెయ్యి వేసింది. పైనుంచి కిందికి వదులుగా ఉండే కోటు వేసుకుంటుంది ఎప్పుడూ. వంగినప్పుడు కోటు బిగిసింది. కడుపు కనపడింది. అయిదో నెలో ఆరో నెలో.

నేను ఆ చెయ్యి విదిలించుకున్నాను. బల్ల మీంచి పడబోయాను.

"అయ్యో అక్కా, ఏమైంది?"

"ముట్టుకోకు. కడుపుతో ఉన్నావు. ఇప్పుడే పెట్టారు కదా నాకు. దూరం జరుగు."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. తర్వాత నవ్వు వచ్చింది. నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. "అక్కా, మిషన్ ఆగితే అయిపోయినట్టే. దీపం ఆపితే వెలుతురు గదిలో మిగులుతుందా? నీ ఒంట్లో ఏం ఉండదు. రోజుకు ముప్పై మందిని ఇలాగే లేపుతున్నా నేను."

"మరి తలుపు?"

"మిషన్ నడిచేటప్పుడు మేం ఉండకూడదు. రోజంతా ఇదే పని కదా మాకు. ఆగాక భయం లేదు. ఎవరు చెప్పారక్కా నీకు?"

బట్టలు వేసుకుంటుంటే గుండీలు కుదరలేదు. పైది కిందిదానికి పెట్టాను. కాలర్లలో ఒక్క గుండీ తేడా వస్తే కనిపెట్టేదాన్ని. మా ఆయన పొరబడ్డాడన్నమాట అనుకున్నాను. అప్పటికి అంతే అనుకున్నాను. మాస్టారైనా మనిషే కదా, ఏదో పుస్తకంలో ఇంకొక రకం చదివి ఉంటాడు. పాపం, తనూ హాల్లో చాప మీద నడుం నొప్పితో పడుకుంటున్నాడు. ఇంటికెళ్ళి చెబితే ఎంత తేలికపడతాడో అనుకున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ అనుకున్నాను.

సోమవారం డాక్టరమ్మ చూసే రోజు. చర్మం చూసింది. ఎండకు కమిలినట్టు ఎర్రబడింది. ఇంకా కాస్త మండుతుంది, తట్టుకోవాలి అంది. ఆకలి, నిద్ర అడిగింది. అలసట ఎలా ఉందంది. ఎవరో ఒకరు నాకు అలసట ఉండవచ్చని అనుకోవడం విచిత్రంగా అనిపించింది. బాగానే ఉంది అన్నాను. అలవాటు. లేవబోతూ అడిగాను.

"డాక్టరమ్మగారూ, ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది. దగ్గరికి తీసుకోవచ్చా?"

ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుంది. "అది మీవారు మొదలుపెట్టకముందే అడిగారు కదా. మీరు గీతలు పెట్టించుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు. చాలా జాగ్రత్త మనిషి. ప్రశ్నలన్నీ రాసుకుని మరీ వచ్చారు. జవాబులు నేనే రాసిచ్చాను." ఫైలు తిరగేసింది. "ఇదిగో, కాపీ ఇందులోనే ఉంది."

బడి నోటుబుక్కులోంచి చింపిన గీతల కాగితం. దాని నకలు. ఆయన రాతే. అక్షరాలు గుండ్రంగా, బోర్డు మీద ఉన్నట్టు. అంకెలు వేసి మూడు ప్రశ్నలు. వాటి ఎదురుగా డాక్టరమ్మ గజిబిజి రాత.

ఒకటి. ట్రీట్‌మెంట్ జరిగే రోజుల్లో ఆమె పక్కన పడుకోవచ్చా? పడుకోవచ్చు. ఏ ప్రమాదమూ లేదు.

రెండు. ఆరేళ్ళ పాపను దగ్గరికి తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు.

మూడు. ఆమె వండింది తినవచ్చా? తినవచ్చు. కానీ ఆమెకు అలసట ఉంటుంది. ఆపరేషన్ అయ్యేదాకా వంట ఇంకొకరు చేయాలి.

అడుగున ఆయన చేత్తో, 'చదివాను, అర్థమైంది' అని రాసి సంతకం. తారీఖు, నా మొదటి సిట్టింగుకు మూడు రోజుల ముందుది.

నేను ఆ కాగితం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతే అక్షరాలు కనపడలేదు. కళ్ళలో నీళ్ళు కాదు. ఏడుపు రాలేదు. చెవుల్లో హోరు. ఎవరో చెంప మీద కొట్టినప్పుడు నొప్పి కంటే ముందు వచ్చే హోరు. డాక్టరమ్మ ఏదో అడుగుతోంది. "ఏమ్మా, ఇన్నాళ్ళూ పాపను..." అని ఆగిపోయింది. నేను ఈ కాగితం నాకు ఇంకో కాపీ ఇస్తారా అన్నాను. ఇచ్చింది. మడత పెట్టి సంచిలో పెట్టుకున్నాను. చాలా మామూలుగా నడిచి బయటికి వచ్చాను.

ఫ్యాక్టరీలో నా బల్ల ముందు కూర్చున్నాక పక్క కుర్చీ ఆవిడ నా కాళ్ళ వైపు చూసి "ఇవేంటే?" అంది. ఆసుపత్రి నీలం చెప్పులు వేసుకుని వచ్చేశాను. నా చెప్పులు అక్కడే ఉండిపోయాయి. బస్సు ఎక్కడం, దిగడం గుర్తులేదు. కాలర్లు ఒకటి తర్వాత ఒకటి చేతిలోకి వస్తున్నాయి, పోతున్నాయి. సూపర్‌వైజరు వచ్చి ఒక చొక్కా నా మొహం ముందు ఆడించాడు. "ఏమ్మా, కుట్టు ఊడిపోయింది కనపడలేదా? కరెంటు కళ్ళకు కూడా పెడుతున్నారా?" ఎనిమిదేళ్ళలో నా బల్ల మీంచి తప్పుడు కాలర్ వెళ్ళడం అదే మొదటిసారి.

ఆయన తెలియక చెప్పిన మాట కాదు అది. పొరబడలేదు. భయపడలేదు. అడిగాడు, తెలుసుకున్నాడు, అర్థమైందని సంతకం పెట్టాడు, ఇంటికొచ్చి తిరగేసి చెప్పాడు. ఎందుకు? కాలర్ తిప్పినప్పుడల్లా అదే మాట. సూది గుచ్చిన రోజు నాకు కట్టు కట్టి పంపారు. గదిలో కట్టు విప్పి చూసుకుంటుంటే ఆయన లోపలికి వచ్చాడు. చూశాడు. మొహం తిప్పుకున్నాడు. వాంతి వచ్చేవాడిలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెళ్ళాడు. అత్తయ్య గర్వంగా చెప్పింది, "వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, సుకుమారం." నా పక్కన పడుకోవడం ఆయనకు రోతగా ఉంది. అసలు సంగతి అది. రోత అని చెప్పలేడు, మంచి మాస్టారు కదా. సాకు కావాలి. డాక్టరు అవునంటుందేమోనని ఆశపడి అడిగాడు. ఆవిడ కాదంది. అయినా సాకు వదల్లేదు. ఒంట్లో కరెంటు ఉంటుందని మొగుడు హాల్లోకి పోతే, ఆరేళ్ళ పిల్లను పక్కలో పడుకోనిస్తారా? అనుమానం రాదూ? అందుకని పిల్లను కూడా తీసుకుపోయాడు. తన దిండుతో పాటు.

అక్కడ నాకు చెయ్యి ఆగిపోయింది. రోతను క్షమించవచ్చేమో. ఒళ్ళు కదా, ఎవరి ఒళ్ళు వాళ్ళ మాట వినదు. కానీ మోకాలి మీద రక్తంతో పరుగెత్తుకొచ్చిన పిల్లను నేను తరిమినప్పుడు ఆయన హాల్లోనే ఉన్నాడు. పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. తల ఎత్తాడు. ఆ ఒక్క క్షణంలో చెప్పేయొచ్చు. ఏం కాదు, ఎత్తుకో అనొచ్చు. ఆయన తల దించుకుని ఇంకో పేపరు తీశాడు. ఎర్ర పెన్ను క్యాప్ తీసిన చప్పుడు ఇప్పటికీ వినపడుతోంది నాకు.

ఇక వంట. అది కూడా రాసే ఉంది అందులో. ఇంకొకరు చేయాలి అని. ఆ ముక్క ఆయన ఎవరికీ చెప్పలేదు. నిప్పు సంగతి అత్తయ్య తనంతట తను కల్పించుకుంది. ఆయన విని ఊరుకున్నాడు. నా చేతి నుంచి వాళ్ళకు వెళ్ళేదానికి నిప్పుంది, సబ్బుంది, ఎండుంది, ఫినాయిలుంది. నాకు రావాల్సిన ఒక్క పిల్లకు మాత్రం విరుగుడు లేదు. పదిహేను రోజులు ఆ ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్ళం తిరిగాం. అందులో ఇద్దరికి ఇది తట్టలేదంటే సరే. ఒకడికి తెలుసు.

ఆరింటికి ఇల్లు చేరాను. బట్టలు మార్చుకోలేదు. స్టవ్ వెలిగించలేదు. చిట్టి నానమ్మ మంచం మీద బోర్లా పడుకుని బొమ్మకు రంగులు వేస్తోంది. వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుని దాన్ని రెండు చంకల కిందా పట్టుకుని ఎత్తి ఒళ్ళో వేసుకున్నాను. అది కొయ్యబొమ్మలా బిగుసుకుపోయింది.

"అమ్మా, కరెంటు" అంది మెల్లగా.

"లేదు."

"అయిపోయిందా?"

"ఎప్పుడూ లేదు."

అది నమ్మలేదు. నా చేతి మీద ఒక వేలు ఆనించి చూసింది. తీసింది. మళ్ళీ ఆనించింది.

అత్తయ్య స్నానాల గదిలోంచి వస్తూ చూసి కేక పెట్టింది. "ఓసి నీ మతి పోయిందా! పిల్లను దించు! ఒరేయ్, ఎక్కడున్నావురా, నీ పెళ్ళాం చూడు ఏం చేస్తోందో!"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ పెరట్లోంచి వచ్చాడు. నన్ను చూశాడు. ఒళ్ళో చిట్టిని చూశాడు. తువ్వాలు గడ్డం దగ్గరే ఆగిపోయింది.

"డాక్టరమ్మ చెప్పింది అత్తయ్యా" అన్నాను. "పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చట. కాగితం మీద రాసిచ్చింది. ఇంకో మాట కూడా రాసింది. ఆపరేషన్ అయ్యేదాకా వంట ఇంకొకరు చేయాలట."

అత్తయ్య నోరు తెరిచింది. లెక్క తేలలేదు ఆవిడకు. "వంట చేయకూడదా? అదేంటి? అంటే... నిప్పుకు కూడా చావదా అది?"

నేను సంచి దగ్గరికి లాక్కున్నాను.

"ఏమే, నిన్నే. చావదా?"

"నాకేం తెలుసు అత్తయ్యా. పదో తరగతి చదివినదాన్ని. మాస్టారుగారు ఉన్నారుగా, అడగండి."

సంచిలోంచి కాగితం తీసి మంచం మీద పెట్టాను. మడత విప్పి, ఆయన వైపు తిప్పి. అత్తయ్యకు కళ్ళజోడు లేకుండా కనపడదు. ఆయనకు కనపడుతుంది. సంతకం దాకా కనపడుతుంది. ఆయన మొహంలో రక్తం దిగిపోవడం చూశాను. నన్ను చూసిన చూపులో కోపం లేదు. అడుక్కుంటున్నాడు. ఆ చూపు పదకొండేళ్ళలో ఎప్పుడూ చూడలేదు నేను. చూస్తే కరిగిపోతాననుకునేదాన్ని.

దారి తెరిచే ఉంది. అమ్మా, ఏం లేదు, కరెంటూ లేదు గిరెంటూ లేదు, నేనే తప్పు చెప్పాను అంటే అయిపోతుంది. నేను ఎదురుచూశాను. నిజంగానే ఎదురుచూశాను. అడగాలని నాలుగు మాటలు బస్సులో కూడబెట్టుకుని వచ్చాను. ఈ ఒక్కటీ చెప్పాడంటే ఆ నాలుగూ అడుగుదాం, జవాబులు విందాం అనుకున్నాను.

"చెప్పవేంరా?" అంది అత్తయ్య. "నిప్పుకు చావదా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. "చావదట" అన్నాడు.

"మరి పిల్లకు?"

"పిల్లలకు... పిల్లలకు పట్టదట. పెద్దవాళ్ళకే."

"ఓరి నాయనో! పదిహేను రోజులు తిన్నాం కదరా మేం! మొన్న రెండోసారి కూడా వేసుకున్నా! ముందే చెప్పొద్దూ?" ఆవిడ పొట్ట పట్టుకుని కూలబడింది. "ఎన్నాళ్ళంట ఇలాగ?"

"ఇంకా నాలుగు సిట్టింగులు. ఆ పైన ఆరు వారాలు" అన్నాను.

"నాకా మోకాళ్ళు పనిచేయవు. స్టవ్ ముందు నిలబడలేను. మరెలా?"

చిట్టి మెల్లమెల్లగా వదులైంది. ముందు మెడ, తర్వాత వీపు. తల తెచ్చి నా కుడి భుజానికి ఆనించింది. ఎడమ వైపు మంటగా ఉందని దానికెవరూ చెప్పలేదు. ఆ నాలుగు మాటలూ ఇక ఆయన్ను అడిగే పని లేదని అప్పుడే తేలిపోయింది నాకు. ఈరోజే కాదు, ఆపరేషన్ అయ్యాక కూడా.

ఆయన కాగితం వైపు ఇంకోసారి చూశాడు. వాళ్ళమ్మ వైపు చూశాడు. నిజం చెప్పడం కంటే వంట చేయడమే నయమనుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్ళాడు.